గరిటె దొర లెక్క

ఆయన పేరు ఫింటన్ గెరటీ.
బెజవాడ నోటికి అది ఎక్కలేదు.
గవర్నరుపేటలో షెడ్డు తెరిచిన వారానికే
గరిటె దొర అయిపోయాడు.
గరిటెంటే ఏమిటో తెలిశాక
ఓ ఇత్తడి గరిటె కొని తలుపుకి వేలాడదీశాడు,
బోర్డు ఖర్చు తప్పిందని.

నాకప్పుడు పదకొండేళ్ళు.
గుణదల నుంచి నడిచొచ్చి
కిరసనాయిలు పళ్ళెంలో నట్లు కడిగేవాణ్ణి.

యుద్ధమప్పుడు గన్నవరం మైదానంలో
విమానాల ఇంజన్లు విప్పి బిగించాడట.
"ఎన్నిసార్లు ఎగిరావు దొరా?"
"ఒక్కసారీ లేదురా.
పెళ్ళికి వండేవాణ్ణి పల్లకీ ఎక్కిస్తారా?"

తన దేశం యుద్ధంలో లేదనీ, తానే ఉన్నాననీ,
ఇంగ్లీషువాడి చొక్కా తొడిగినందుకు
మేనమామ గుమ్మం తొక్కనివ్వనన్నాడనీ
ముక్కలు ముక్కలుగా చెప్పాడు,
ఒక్కో ముక్క ఒక్కో ఇంజను కింద వెల్లకిలా పడుకుని.
నలభై ఏడులో కంకిపాడు రైతొకడు అడిగాడట
"దొరలంతా పోతుంటే నువ్వుండావేం?" అని.
"మమ్మల్నీ ఏలింది వాళ్ళేనయ్యా."
రైతు కాసేపు ఆలోచించి
ఆయిలింజను బాకీ మొత్తం కట్టి పోయాడట.

సాయంత్రం చేతులు కడుక్కుని
ఏలూరు కాలవ గట్టున కూర్చునేవాడు.
పొద్దున పోయిన పడవలెన్నో
తిరిగొచ్చినవెన్నో లెక్క.
ఐదు పోయి నాలుగొస్తే లేచేవాడు కాదు.
"గడ్డి పడవ దొరా, నిడమానూరులో ఆగుంటది" అన్నా వినడు.
ఎప్పటికో ఓ లాంతరు కనబడేది నీళ్ళమీద.
అప్పుడు నిక్కరు దులుపుకుని
ఏమీ జరగనట్టు ఇంటికి పోయేవాడు.

ఓ రాత్రి ముసురులో నాకు మెలకువొచ్చింది.
ఎనికేపాడు రైసుమిల్లు ఇంజను నట్టుకి
కాటరు పిన్ను పెట్టానా?
పెట్టాననే అనుకున్నాను.
వెళ్ళి తలుపు కొట్టాను.
తిట్టలేదు. గొడుగైనా తీసుకోలేదు.
ఇద్దరం మోకాళ్ళదాకా బురదలో
మిల్లు దాకా నడిచాం.
వాచ్‌మన్ తిట్లు మాత్రం ఇద్దరం పడ్డాం.

పిన్ను లేదు.
పెట్టి, రెండు కాళ్ళూ చెరోవైపు వంచి,
లాంతరు నా మొహం దగ్గరికి తెచ్చాడు.
"చూశావా, నమ్మావా?"
"నమ్మాను దొరా."
"నేనూ అంతే."

ధాన్యం బస్తాల మీద కూర్చుని చెప్పాడు.
పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, మీసం కూడా సరిగా రాలేదు,
రెక్క మీద కాలు పెట్టి "అంతా సరేనా?" అన్నాడు.
సరేనని కాగితం మీద సంతకం పెట్టాను.
ఆ పూట ఏడు పోయినై.
ఆరొచ్చినై.
మర్నాడు పనిముట్ల పళ్ళెం తుడుస్తుంటే
అడుగున ఓ పిన్ను.
అది మిగిలిందో, మరిచిందో.
సముద్రం చెప్పదు కదరా.

పొడుం డబ్బీ తీసి చూపించాడు.
చీపురుపుల్లంత కూడా లేదు.

ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు.
బారేజీ కట్టిన ఏడాది కాబోలు, గుణదల కొండ మెట్ల మీద
ఎవరో ముసలమ్మకి చెయ్యందిస్తూ జారిపడ్డాడు.
నడుం విరిగింది.
మంచంలోంచే చెవికి స్క్రూడ్రైవర్ ఆనించి
వీధిలో పోయే లారీల రోగం చెప్పబోయేవాడు,
గోడ అడ్డమని మరిచిపోయి.

సమాధి రాయి మీద గెరటీ అని చెక్కమంటే
రాళ్ళ కోటయ్య గరిటె అని చెక్కాడు.
డబ్బుల్లేక కాదు, నేనే దిద్దించలేదు.

ఇప్పుడు నాది ఆటోనగర్లో లేతు షాపు.
ఆయన స్పానర్లన్నీ అరిగిపోయాయి.
డబ్బీ ఉంది.
షెడ్డులోకి ఏ పాత ఇంజనొచ్చినా
పిల్లలు టీకి పోయాక
ఆ పిన్ను తీసి
నట్టు కన్నంలో పెట్టి చూస్తాను.

ఇన్నేళ్ళలో ఒక్కదానికీ సరిపోలేదు.
ఒకటి రెండింటికి
సరిపోయినట్టే అనిపించింది.
వెంటనే తీసేశాను.